రెండో చెయ్యి అందని చోట ఇంటి వ్యాక్సింగ్ వద్దు

తిరుపతి బాలాజీ కాలనీ హాస్టల్ గదుల్లోనూ, చిత్తూరులో పెళ్లి పనులు మొదలైన ఇళ్లలోనూ ఒకే ప్రశ్న నలుగుతుంటుంది: వ్యాక్సింగ్ ఇంట్లో చేసుకోవాలా, పార్లర్‌కు వెళ్లాలా? చాలామంది దీన్ని డబ్బు లెక్కగానే చూస్తారు. ఆ లెక్కన ఇల్లే గెలుస్తుంది. ఇంట్లో చేసే వ్యాక్స్ చక్కెర పాకమే, ఒక విడతకు 400 గ్రాముల చక్కెర, మూడు నిమ్మకాయలు చాలు. అయితే వెంట్రుక కుదురుతో ఊడుతుందా, మధ్యలో తెగుతుందా అన్నది చేతుల మీద ఆధారపడి ఉంటుంది. పట్టీ లాగడానికి ఒక చెయ్యి, చర్మాన్ని బిగువుగా పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. మేం చెప్పే గీటురాయి ఇదే.

మోకాలి కింద మీ రెండు చేతులూ అందుతాయి. అక్కడ పార్లర్ అవసరం లేదు. ముంజేతికి ఒక్క చెయ్యే మిగులుతుంది కాబట్టి అక్కనో, గదిలో స్నేహితురాలినో చర్మం లాగి పట్టుకోమనాలి. చంకల సంగతి వేరు. అక్కడ చర్మం వదులుగా ఉంటుంది, వెంట్రుకలు రెండు మూడు దిక్కులకు మొలుస్తాయి, మీకు ఖాళీగా ఉండేది ఒక్క చెయ్యే. వదులు చర్మం పట్టీతోపాటే లేచివచ్చి లోపల రక్తం చిమ్మి కమిలిపోతుంది. చంకలు, బికినీ భాగం శిక్షణ ఉన్నవాళ్లకే వదిలేయాలి.

ఇంటి వ్యాక్స్ మంచిచెడ్డలన్నీ పాకంలోనే ఉన్నాయి. రెండు కప్పుల చక్కెర, పావు కప్పు నిమ్మరసం, పావు కప్పు నీళ్లు అడుగు మందమున్న గిన్నెలో పోసి సన్న సెగ మీద పెట్టాలి. నిమ్మ పులుపు చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొడుతుంది. అందుకే చల్లారాక పాకం పలుకులు కట్టకుండా జిగురుగా నిలుస్తుంది. తేనెరంగు వచ్చాక నీళ్ల పళ్లెంలో ఒక చుక్క వేసి, అరిసెలకు చూసినట్టే చూడండి. వేళ్ల మధ్య మెత్తటి ఉండ కట్టిందంటే దించేయాలి. సుమారు 115 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ పాకం వస్తుంది. ఉండ గట్టిబడితే పాకం ముదిరినట్టు, చర్మం మీద పరుచుకోదు. చెంచాడు నీళ్లు పోసి మళ్లీ వేడిచేయాలి. జారిపోతుంటే ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. బెల్లం పండే చిత్తూరు వైపు బెల్లంతో చేయొచ్చా అని అడుగుతారు. ఒక్కో అచ్చు బెల్లం ఒక్కో తీరుగా ఉంటుంది, పాకం అంచనాకు దొరకదు. చక్కెరే మేలు.

ఇంట్లో జరిగే వాటిలో అన్నిటికన్నా చెడ్డది కాలడం. పాకం మరిగే నీళ్లకన్నా వేడి. పైగా మీద పడితే జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. దించాక కనీసం అరగంట ఆగి, మణికట్టు లోపలివైపు చిన్న చుక్క వేసుకుని, గోరువెచ్చగా ఉంటేనే మొదలుపెట్టాలి. పొరపాటున కాలితే 20 నిమిషాలు కొళాయి నీళ్ల కింద పెట్టండి. టూత్‌పేస్టు, ఐసు పెట్టొద్దు. మన చామనఛాయ చర్మం మీద కాలిన మచ్చ నల్లబడి నెలల తరబడి ఉండిపోతుంది.

వెంట్రుక బియ్యపు గింజంత, అంటే 5, 6 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకు తక్కువైతే వ్యాక్స్‌కు పట్టు దొరకదు. సెంటీమీటరు దాటితే కత్తిరించుకోవాలి. చెమట తుడిచి పలచగా టాల్కం పౌడరు చల్లాలి. తిరుపతి ఎండల్లో మధ్యాహ్నం కూర్చుంటే ఫ్యాను కింద కూడా చెమటకు పాకం పలచబడి పట్టీకి రాదు, కాబట్టి పొద్దున్నే కానివ్వండి. వెంట్రుక మొలిచిన వైపుకు వ్యాక్స్ పలచగా రాసి, జీన్సు గుడ్డ పట్టీ అదే వైపుకు రుద్ది, ఎదురు దిశలో ఒక్క ఊపున లాగాలి. పట్టీ చర్మానికి ఆనుకునే, వెనక్కి మడిచినట్టు రావాలి. పైకెత్తి లాగితే వెంట్రుక మధ్యలో తెగుతుంది. తెగిన కొస చర్మం లోపలే వంకరపోయి కురుపవుతుంది. ‘వారానికే మళ్లీ వచ్చేసింది’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు ఇదే కారణం.

పార్లర్ తలుపు దాటితే చాలు, భద్రమే అనుకోవడం ఇంకో పొరపాటు. హీటర్‌లోని వ్యాక్స్ చర్మం తట్టుకునేంత వేడిగానే ఉంటుంది, ఆ వేడికి క్రిములు చావవు. ఒకరి చంకలో రాసిన పుల్లనే మళ్లీ డబ్బాలో ముంచితే ఆ డబ్బా అందరిదీ అవుతుంది. అదుపులో లేని మధుమేహం ఉన్న ఒక యువతికి బికినీ వ్యాక్సింగ్ తర్వాత ప్రాణాల మీదికి తెచ్చిన ఇన్ఫెక్షన్ గురించి 2007లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రచురించారు. షుగర్ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ను అడగాలి. తిరుమల కల్యాణకట్టలో మన తలకు కొత్త బ్లేడే వాడాలని పట్టుబడతాం కదా, చంకలో రాసే పుల్ల దగ్గర ఎందుకు మొహమాటపడాలి? మీ వ్యాక్స్ విడిగా చిన్న గిన్నెలోకి తీయమనండి, లేదా ముంచిన ప్రతిసారీ కొత్త పుల్ల వాడమనండి. పని ఎక్కడ నేర్చుకున్నారో అడగడం కూడా తప్పు కాదు. ఐటీఐల్లో కాస్మెటాలజీకి ఏడాది కోర్సే ఉంది.

ముఖానికైతే ఇంట్లోనూ వద్దు, చాలామందికి పార్లర్‌లోనూ వద్దు. మొటిమలకు ట్రెటినోయిన్, అడాపలీన్ క్రీములు రాసుకునేవాళ్ల పైపొర పలచబడి ఉంటుంది. పట్టీతోపాటు చర్మమే లేచివస్తుంది. మొటిమలకే వాడే ఐసోట్రెటినోయిన్ మాత్రలు ఆపాక కనీసం ఆరు నెలలు వ్యాక్స్ జోలికి పోకూడదు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబడే క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటే అదీ చర్మాన్ని పలచబరుస్తుంది. ఈ విషయం బ్యూటీషియన్‌కు మీరే చెప్పాలి. పైపెదవికి థ్రెడింగ్ చాలు. గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తూ నెలసరి తప్పుతుంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పెళ్లికూతుళ్ల విషయంలో మాకు నిజంగా బాధ కలిగించేది నలుగు. ముందురోజు వ్యాక్సింగ్ చేయించుకుని, తెల్లారి పసుపు, సున్నిపిండితో బరబరా రుద్దించుకుంటారు. వెంట్రుక ఊడిన రంధ్రాలు ఇంకా తెరుచుకునే ఉంటాయి. ముహూర్తం నాటికి చేతులంతా ఎర్రటి పొక్కులు. వ్యాక్సింగ్‌కూ నలుగుకూ మధ్య మూడు రోజులు ఉంచండి. జన్మలో తొలిసారి వ్యాక్సింగైతే రెండు నెలల ముందే ఒకసారి చేయించుకుని చర్మం తీరు చూసుకోవాలి.

చేసిన రోజు వేడినీళ్ల స్నానం, డియోడరెంటు, బిగుతు లెగ్గింగ్స్, ఎండ మానేయాలి. చల్లటి తడిగుడ్డ వేస్తే మంట తగ్గుతుంది. మూడో రోజు నుంచి బీరపీచుతో మెల్లగా రుద్దుకుంటే లోపల ఇరుక్కున్న వెంట్రుకలు బయటపడతాయి. చిన్న ఎర్రచుక్కలు ఒకటి రెండు రోజుల్లో అణుగుతాయి. చీము పట్టినా, ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా ఇంట్లో మిగిలిన ఆయింట్‌మెంట్ రాయకుండా, ఆ రోజే చర్మ వైద్యుడికి చూపించండి.