ఎనిమిది వేయమనకండి, నంబరు ప్లేటు చదవమనండి

మా బాబాయికి 68 ఏళ్ళు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. నిరుడు లైసెన్స్ రెన్యువల్‌కి మెడికల్ సర్టిఫికెట్ కావాలంటే నేనే వెంట వెళ్ళాను. చిన్న క్లినిక్. డాక్టరు గారు ఫారం 1ఏ ముందుకు లాక్కుని, తల ఎత్తకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయారు. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటును ఈయన పోల్చుకోగలరా? దానికీ టిక్కే. ఆ గది పొడవు పది అడుగులు దాటదు. రేచీకటి ఉందా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, హారన్ వినిపిస్తుందా అన్నవాటికీ అంతే. సంతకం, ముద్ర, రెండు వందలు. "ఇంతేనా?" అన్నారు బాబాయి బయటికొచ్చి, కాస్త నిరాశగా. జీవితమంతా పరీక్షలు పెట్టిన మనిషి కదా.

అప్పటికి ఆయన ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరి ఉంది.

వయసు మళ్ళినవాళ్ళకు మళ్ళీ డ్రైవింగ్ టెస్ట్ పెట్టాలా అనే చర్చ ఎక్కడో ఒక ఘోరం జరిగినప్పుడల్లా లేస్తుంది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళ పెద్దాయన బ్రేక్ అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ఒక తల్లి, ఆమె మూడేళ్ళ కూతురు చనిపోయారు. కారులోనే లోపం ఉందని ఆయన కోర్టులో వాదించినా ఐదేళ్ళ జైలు శిక్ష పడింది. ఆ ఏడాది జపాన్‌లో దాదాపు ఆరు లక్షల మంది తమంతట తామే లైసెన్సులు వెనక్కి ఇచ్చేశారు. అక్కడ 75 దాటినవాళ్ళకు జ్ఞాపకశక్తి పరీక్ష అప్పటికే ఉంది. 2022 నుంచి, అదే వయసువాళ్ళలో కొన్ని రకాల ట్రాఫిక్ ఉల్లంఘనలు చేసినవాళ్ళకు బండి నడిపి చూపించే పరీక్ష కూడా పెట్టారు. వయసొక్కటే చూసి కాకుండా తప్పు చేసినవాళ్ళనే పిలవడం నాకు నచ్చిన సంగతి.

మన చట్టం సంగతి చూద్దాం. 2019 సవరణ తర్వాత 18 ఏళ్ళకు తీసుకున్న సొంత బండి లైసెన్స్ 40 నిండేదాకా చెల్లుతుంది. మధ్యలో 22 ఏళ్ళు ఎవరూ ఏమీ అడగరు. 30కీ 50కీ మధ్య తీసుకుంటే పదేళ్ళు. 50 నుంచి 55 లోపైతే 60 వరకు. 55 దాటాక ప్రతిసారీ ఐదేళ్ళు. అక్కడితో మెట్లు అయిపోయాయి. 56 ఏళ్ళాయనకూ ఐదేళ్ళే, 79 ఏళ్ళాయనకూ ఐదేళ్ళే. మళ్ళీ టెస్ట్ ఎప్పుడంటే, గడువు తీరి ఏడాది దాటాక వెళ్తే. అంటే 41 ఏళ్ళ మనిషి రెన్యువల్ మర్చిపోతే ట్రాక్ ఎక్కాలి, టైముకి ఫీజు కట్టిన 80 ఏళ్ళ పెద్దాయన ఎక్కక్కర్లేదు. మన దగ్గర పరీక్ష వయసుకి కాదు, మతిమరుపుకి.

అయితే పెద్దవాళ్ళందరినీ హైదరాబాద్‌లోని నాగోలు డ్రైవింగ్ టెస్ట్ ట్రాక్ మీదకు తోలి ఎనిమిది వేయమందామా? నాకు అది అర్థం లేని పని అనిపిస్తుంది. ఎనిమిది వేయడం, కారైతే హెచ్ కొట్టడం, కొత్తగా నేర్చుకున్నవాడికి బండి మీద పట్టు ఉందో లేదో చూడటానికి. నలభై ఏళ్ళు స్కూటర్ నడిపిన మాస్టారు పది కిలోమీటర్ల స్పీడులో, పట్టపగలు, ఎదురు బండి లేని ట్రాక్ మీద చక్కగా ఎనిమిది వేసేస్తారు. వయసు తీసుకుపోయేది ఆ పట్టును కాదు. ఎదురుగా ఎల్‌ఈడీ హైబీమ్ పడ్డాక చూపు మళ్ళీ కుదురుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. యూటర్న్ దగ్గర మెడ పూర్తిగా తిరగదు. వచ్చే లారీ ఎంత స్పీడులో ఉందో అంచనా తప్పుతుంది. ట్రాక్ మీద ఇవేవీ బయటపడవు.

పైగా మన రోడ్ల మీద అసలు ముప్పు పెద్దవాళ్ళు కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్ళ లోపువాళ్ళు. పదింట ఏడు చావులకు కారణం అతివేగం. బాబాయి స్కూటర్ ముప్పై దాటదు. వెనక నుంచి హారన్ కొట్టేవాళ్ళు కొడుతూనే ఉంటారు.

డెన్మార్క్ అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ 2006లో 70 దాటినవాళ్ళకు లైసెన్స్ రెన్యువల్‌లో మతి తప్పిందో లేదో చూసే కాగితం పరీక్ష పెట్టారు. తర్వాత పరిశోధకులు లెక్క తీస్తే పెద్ద వయసు డ్రైవర్ల ప్రమాదాలు తగ్గలేదు. నడుస్తూ, సైకిల్ తొక్కుతూ చనిపోయిన వృద్ధులు మాత్రం పెరిగారు. కారులోంచి దిగినవాళ్ళు రోడ్డు మీదే కదా ఉంటారు. ఫుట్‌పాత్‌లు, సైకిల్ దారులు ఉన్న దేశంలోనే ఇలా అయితే, ఫుట్‌పాత్ మీద టిఫిన్ బండీ ట్రాన్స్‌ఫార్మరూ ఉండే మన ఊళ్ళలో 72 ఏళ్ళ మనిషి దగ్గర స్కూటర్ లాక్కుంటే ఏమవుతుంది? రైతు బజారు, బ్యాంకు, గుడి, మందుల షాపు, మనవడి స్కూలు, అన్నీ ఆ స్కూటర్ మీదే. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉన్న ఇళ్ళలో అది బండి కాదు, కాళ్ళు. ఆడవాళ్ళకు రెండు రాష్ట్రాల్లోనూ ఆర్టీసీ బస్సు ఫ్రీ. మరి లైసెన్స్ వదిలేసిన పెద్దాయనకు ఏమిస్తారు? జపాన్‌లో చాలా ఊళ్ళలో లైసెన్స్ తిరిగి ఇచ్చేస్తే బస్సు టికెట్లో తగ్గింపు ఉంటుంది.

కాబట్టి కొత్త పరీక్ష కనిపెట్టక్కర్లేదు, ఉన్న పరీక్షను నిజంగా పెట్టమంటాను. ఫారం 1ఏలో అడగాల్సినవి చాలావరకు ఉన్నాయి. 60 దాటినవాళ్ళకు కంటి భాగం వరకైనా కంటి డాక్టరో ఆప్టోమెట్రిస్టో చూసి, చూపు ఎంతుందో అంకెల్లో రాయాలి. టిక్కు చెల్లదు. అంతమందికి ఎలా అంటారా? తెలంగాణలో కంటి వెలుగు రెండో విడతలో ఊరూరా క్యాంపులు పెట్టి కోటిన్నర మందికి పైగా కళ్ళు చూశారు, అద్దాలిచ్చారు. ఆంధ్రలోనూ అదే పేరుతో పథకం నడిచింది. అన్ని కోట్ల కళ్ళు చూడగలిగినవాళ్ళకు లైసెన్స్ కోసం వచ్చేవాళ్ళ కళ్ళు ఒక లెక్కా? పింఛను కోసం ఏటా వేలిముద్ర వేసి బతికే ఉన్నామని నిరూపించుకుంటున్నాం. కనపడుతోందా అని మాత్రం ఎవరూ అడగరు.

చూపు సగం బాగున్నవాళ్ళకు పూర్తిగా కాదనడం కూడా సరికాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 85 దాటినవాళ్ళు రోడ్డు టెస్ట్ ఇవ్వాలి, లేదా ఇంటి చుట్టుపక్కల వరకే నడుపుకునే పరిమిత లైసెన్స్ తీసుకోవచ్చు. పగలు మాత్రమే, హైవే ఎక్కకూడదు అని మన లైసెన్స్ మీదా రాయొచ్చు. పోలీసులు ఆపి చూస్తారా అంటే అనుమానమే. కానీ ఇంట్లో కొడుకు చెబితే విననివాళ్ళు కార్డు మీద ఉంటే వింటారు.

బాబాయి రాత్రిపూట ఎలా నడిపేవారో తర్వాత తెలిసింది. "ముందు పోయే బస్సు వెనక లైటు పట్టుకుని వచ్చేసేవాణ్ణిరా" అన్నారు, అదేదో ఉపాయమన్నట్టు. బస్సు వాళ్ళ వీధి దాకా రాదుగా! పిన్ని పోరు పడలేక మొన్న సంక్రాంతి తర్వాత ఎడమ కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. రెండు వారాలకు నన్ను వెనక ఎక్కించుకుని బయల్దేరారు. వీధి మలుపులో బండి స్లో చేసి, "ఈ స్పీడ్ బ్రేకర్ ఎప్పుడు వేశార్రా?" అన్నారు.

అది వేసి రెండేళ్ళయింది. కుడి కంట్లోనూ శుక్లం మొదలైందని డాక్టరు చెప్పారట. దసరా వెళ్ళాక చూద్దాంలే అంటున్నారు. లైసెన్స్ మాత్రం ఇంకో నాలుగేళ్ళుంది.