దారి వెనక కాస్త చోటు

ఏటా బెంగళూరులోని మన ఉత్తరాంధ్ర వాళ్ల సంఘం తరఫున బస్సు మాట్లాడుకుని ఏదో ఒక రిసార్ట్‌కి వెళ్లొస్తుంటాం. పోయిన డిసెంబర్లో మాత్రం మేం నాలుగు కుటుంబాల వాళ్లం బెంగళూరులో రాత్రి కన్యాకుమారి రైలెక్కి, మర్నాడు మధ్యాహ్నం కేరళలోని వర్కలలో దిగాం. అక్కడ సముద్రాన్ని ఆనుకుని ఎర్రటి గట్టు నిట్టనిలువుగా లేస్తుంది. దాని మీద మొదలైన కాలిబాట ఒకచోట ఎత్తెక్కుతూ, ఒకచోట ఇసుకలోకి దిగుతూ ఒడయం, ఎడవ ఊళ్ల మీదుగా కాప్పిల్ వైపు పోతుంది. ఒక పూట నడక. అరవై ఎనిమిదేళ్ల మా అత్తయ్య అందరికంటే ముందు నడిచింది.

ఆవిడది భీమిలి దగ్గర ఊరు. మెట్లు దిగుతూ గట్టు పక్కన ఆగి, రాయిని వేలితో గీసి చూసింది. పైనున్న ఎర్రరాయి చెదపుట్టలా చిల్లులు చిల్లులుగా ఉంది. దాని కింద పాలిపోయిన ఇసుకరాయి, ఇంకా కింద నల్లటి బంకమట్టి చార. ఆ చార పైనుంచి సన్నగా నీరు ఊరుతోంది. వేలికంటిన ఎరుపును కొంగుకు తుడుచుకుని, "అమ్మాయ్, మన దిబ్బల మట్టి కూడా ఇలాగే అంటుకుంటుంది. చిన్నప్పుడు గౌనులకి ఈ మరక పడితే మా అమ్మ ఎంత తిట్టేదో!" అంది.

నిజానికి రెండూ ఒకటి కాదు. వర్కలది పొరలు పొరలుగా పేరుకున్న రాయి. విశాఖ, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల పాటు గాలి, నీరు, ముందుకీ వెనక్కీ జరిగిన సముద్రం కలిసి పోసిన ఇసుక. అయినా అత్తయ్య వాటిని పక్కపక్కన పెట్టడంలో తప్పేం లేదు. 2025 సెప్టెంబర్లో మన దేశం నుంచి, ప్రపంచ వారసత్వ గుర్తింపుకు ముందు మెట్టయిన యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఏడు ప్రకృతి వారసత్వ ప్రదేశాలు చేరాయి. అందులో వర్కల గట్టు ఉంది, ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి, తిరుమల కొండలు కూడా ఉన్నాయి.

నన్ను బాధపెట్టింది ఆ నడకలో ఇంకొకటి. ఒకచోట దారి ఉన్నట్టుండి ఆగిపోయింది. పరిచిన రాళ్లలో సగం కిందికి జారిపోయాయి, అంచున ఒక కొబ్బరిచెట్టు వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. పక్కకు జరిగి నడుద్దామంటే జాగా లేదు, అక్కడిదాకా హోటలే. చివరికి వాళ్ల వంటగది వెనక గ్యాస్ సిలిండర్ల మధ్య నుంచి, అంట్లు తోమే నీళ్లు తొక్కుకుంటూ ఒక్కొక్కరం బయటపడ్డాం. ఆ నీళ్లు ఒక చిన్న కాలవలా గట్టు అంచు వైపే పోతున్నాయి.

గట్టు ఎందుకు విరుగుతుందో ఆ కాలవే చెబుతుంది. పైరాయి చిల్లులది కాబట్టి నీరు ఇట్టే ఇంకిపోతుంది. బంకమట్టి దాకా వెళ్లి, అది దాటలేక పక్కకు ఊరుతుంది. ఊరుతూ ఊరుతూ మధ్యనున్న ఇసుకను లాక్కుపోతుంది. కింద నుంచి అలలు కొడుతూనే ఉంటాయి. కాళ్ల కింద బోలు అయ్యాక పైరాయి పెళ్లలు పెళ్లలుగా పడుతుంది. ఇది ఎప్పటినుంచో జరిగేదే, దీన్ని ఎవరూ ఆపలేరు. మనం చేయగలిగిందల్లా పైన బరువు పెట్టకుండా, నీళ్లు పోయకుండా ఉండడం. అంచు వెనక్కి జరిగినప్పుడు దారి కూడా జరగడానికి చోటు ఉంచడం.

ఈ చివరిది ఇంగ్లండ్ వాళ్లు చట్టంలోనే రాసుకున్నారు. అక్కడ సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్ అని సుమారు వెయ్యి కిలోమీటర్ల కాలిబాట ఉంది. దొంగ సరుకు దించేవాళ్ల మీద కన్నేసి ఉంచడానికి కోస్ట్‌గార్డులు ఊరి నుంచి ఊరికి గట్టు అంచునే తిరిగేవారు. చాలాచోట్ల ఆ దారే ఈనాటి బాట. 2009లో వచ్చిన చట్టం ప్రకారం తీరం కోసుకుపోతే బాట కూడా దానితో పాటు లోపలికి జరగొచ్చు. కాంక్రీటు గోడ కట్టి అంచును పట్టుకునే ప్రయత్నం కంటే ఇది ఎంత తెలివైన పని!

ఇప్పుడు మన దిబ్బల సంగతి. అక్కడ యంత్రాలతో తవ్వి చదును చేస్తున్నారని 2024లో వార్తలొచ్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులో రెండు రోజులు గట్టిగానే మాట్లాడుకున్నాం. తర్వాత మర్చిపోయాం. మనలో చాలామంది సెలవులకు వెళ్లినప్పుడు బీచ్ రోడ్డులో కారాపి నాలుగు ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. నేనూ అంతే చేశాను, పదేళ్లుగా. కారులోంచి చూసేవాళ్లకు దిబ్బల వెనక ఎంత స్థలం మిగిలిందో తెలియదు. కాలినడకన వెళ్లేవాళ్లకే కొత్త కంచె కనబడుతుంది.

టూరిజం వద్దని నేను అనడం లేదు. ఒడయంలో మాకు నిమ్మసోడా ఇచ్చిన అమ్మాయికి ఆ దారే బతుకుతెరువు. దిగువన అలివి వల లాగుతున్నవాళ్లకు ఆ ఇసుక కావాలి. బండ్లు, కొట్లు, గదులు అన్నీ ఉండనివ్వండి, కాకపోతే వెనక్కి. దిబ్బల దగ్గర వ్యూ పాయింట్లు, సిమెంటు మెట్లు అడగొద్దు. ఒక మట్టిబాట చాలు. వాహనాలు రాకుండా, దానికి లోపలి వైపు ఏ కట్టడమూ లేని ఖాళీ నేల చాలు. ఎన్ని మీటర్లో భూగర్భ శాస్త్రం తెలిసినవాళ్లు తేల్చాలి, అది జాబితా దశలో ఉన్నప్పుడే తేలాలి. ఇక్కడ బెంగళూరులో ఐటీలో, సర్వేలో, లా ప్రాక్టీసులో ఉన్న ఉత్తరాంధ్ర వాళ్లం ఇంతమందిమి ఉన్నాం. మ్యాపులు గీయడం, అర్జీలు రాయడం మనకు కొత్త కాదు.

ఈసారి సంఘం బస్సు డబ్బుతో రిసార్ట్ బదులు ఒక నడక పెడదామని కార్యవర్గాన్ని అడిగాను. సంక్రాంతికి ఎలాగూ సగం మంది ఊళ్లోనే ఉంటాం. ముక్కనుమ నాడు పొద్దున్నే ఎర్రమట్టి దిబ్బల దగ్గర కలిసి, భీమిలి లైట్‌హౌస్ దాకా నడుద్దాం. దిబ్బల మీద ఎక్కి జారొద్దని పిల్లలకు ముందే చెప్పండి. మంచినీళ్లు తెచ్చుకోండి. అత్తయ్య ఇప్పటికే కొత్త చెప్పులు కొనుక్కుంది.