పక్షుల వెంట నడిచేవారు సరే, పద్దులు రాసేదెవరు?

ఆదివారం తెల్లవారుజామున చెరువు గట్టు మీద పక్షులను చూద్దాం రమ్మని పిలిస్తే నలభై మంది వస్తారు. అదే సంస్థ సర్వసభ్య సమావేశంలో కోశాధికారి పదవికి పేర్లు ఇవ్వమని అడిగితే గదిలో ఉన్నవారంతా తలలు దించుకుంటారు. ప్రకృతి అధ్యయన సంఘాలతో కొన్నేళ్లుగా తిరుగుతున్న నాకు ఈ రెండు దృశ్యాలూ బాగా పరిచయం. సంఘం నిలవడమా, మూతపడడమా అన్నది తేలేది ఈ రెండో చోటే అని నా నమ్మకం. పక్షిని చూడడానికి సంఘం అక్కరలేదు. ఒక దుర్భిణి, కాస్త ఓపిక ఉంటే చాలు. చూసినదాన్ని రాసి, సరిచూసి, భద్రపరచి, ముప్పై ఏళ్ల తర్వాత పుట్టబోయేవారికి అందించడానికి మాత్రం సంఘం కావాలి. ఆ పని చేసేవారు కార్యదర్శులు, కోశాధికారులు, సంపాదకులు, గ్రంథాలయం చూసుకునేవారు. వీరి సేవను ఆఫీసు పనిగా కొట్టిపారేయడం మన సంఘాలకు పట్టిన పాత జాడ్యం.

ఈ మాటకు బలమైన ఆధారం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ చరిత్రలో ఉంది. 1883 సెప్టెంబర్ 15న ఎనిమిది మంది కలిసి దాన్ని స్థాపించారు. వారిలో ఆత్మారాం పాండురంగ్, సఖారాం అర్జున్ అనే ఇద్దరు భారతీయ వైద్యులు ఉన్నారు. సొంత భవనం లేదు, జీతం తీసుకునే ఉద్యోగి లేడు. మొదట బైకుల్లాలోని మ్యూజియంలో నెలకోసారి కలుసుకునేవారు. తర్వాత 1884లో మద్యం వ్యాపారి హెచ్.ఎం. ఫిప్సన్ ఫోర్బ్స్ వీధిలోని తన దుకాణంలో ఒక గది ఇచ్చాడు. గది ఇచ్చి ఊరుకోలేదు. 1886 నుంచి 1906 వరకు ఇరవై ఏళ్లపాటు గౌరవ కార్యదర్శిగా పనిచేశాడు. 1886లో మొదలైన సంఘం పత్రికకు తొలి సంపాదకులైన స్టెర్న్‌డేల్, ఐట్కెన్‌లు కూడా సంపాదకత్వం వృత్తిగా ఉన్నవారు కారు. ఐట్కెన్ ఉద్యోగం సుంకాలు, ఉప్పు శాఖలో. మ్యూజియం బాధ్యతను నార్మన్ కిన్నియర్ జీతానికి చేపట్టింది 1907లో, అంటే సంఘం పుట్టిన 24 ఏళ్లకు. అప్పటికే పత్రిక, నమూనాల సేకరణ, సభ్యత్వ వ్యవస్థ మూడూ నిలదొక్కుకున్నాయి.

పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ కథలో అందరికీ గుర్తుండేది 1908 నాటి ఘట్టం. తాను కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోవడానికి ఆ పిల్లవాడు సొసైటీ తలుపు తట్టాడు. లోపల గౌరవ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ ఉన్నాడు. విసుక్కోకుండా పిచ్చుకను గుర్తించి చెప్పి, నమూనాల సొరుగులు తెరిచి చూపించి, చదువుకోవడానికి పుస్తకాలు ఇచ్చి పంపాడు. ఈ కథ చెప్పుకునేటప్పుడు మనం పిల్లవాడి కుతూహలం దగ్గరే ఆగిపోతాం. నా దృష్టి మాత్రం ఎప్పుడూ ఆ సొరుగుల మీదికే పోతుంది. ప్రతి పక్షి చర్మానికీ తేదీ, ఊరు, పట్టినవారి పేరు రాసిన చీటీ కట్టి, పురుగు పట్టకుండా కాపాడి, అడిగిన క్షణంలో తీసి చూపించేలా ఎవరో అమర్చి పెట్టారు. ఆ ‘ఎవరో’ లేకపోతే మిల్లార్డ్ ఎంత మంచివాడైనా చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

మన ప్రాంతానికి నేరుగా సంబంధించిన ఉదాహరణ 1931-32లో జరిగిన హైదరాబాద్ సంస్థాన పక్షుల సర్వే. అప్పటికి ఉద్యోగం లేని సాలిం అలీ, శిబిరాల ఖర్చులు భరిస్తే చాలు, తనకు జీతం అక్కరలేదని ముందుకు వచ్చాడు. నిజాం ప్రభుత్వం డబ్బు ఇచ్చింది, సొసైటీ పత్రిక ఫలితాలను భాగాలుగా అచ్చువేసింది. దక్కన్ పక్షుల గురించి క్రమపద్ధతిలో ఒక చిత్రం అలా ఏర్పడింది. ఆ శిబిరాలను నడిపింది ఆయన భార్య తెహ్మీనా. గుడారాల బాగోగులు, వంట ఏర్పాట్లు, సామాను రవాణా ఆమె చూసుకోబట్టే ఆయన తెల్లవారేసరికి అడవిలో ఉండగలిగాడు. ఆయన ఇంగ్లీషు వచనానికి మెరుగులు దిద్దడంలోనూ ఆమె చేయి ఉంది. సంఘం పుస్తకాల్లో ఆమెకు పదవి లేదు. కానీ ఈనాటి సంస్థ భాషలో చెప్పుకుంటే క్షేత్ర నిర్వాహకురాలు, సహసంపాదకురాలు రెండూ ఆమే. స్వచ్ఛంద సేవలో కనిపించే భాగం ఎవరికి దక్కుతుంది, కనిపించని భాగం ఎవరి మీద పడుతుంది అన్న ప్రశ్న ఇప్పటికీ తీరలేదు. మన సంఘాల్లో టిఫిన్లు, బస్సు, హాజరు పట్టీ చూసుకునేది ఎక్కువగా మహిళలే. వేదిక మీద పక్షుల గురించి మాట్లాడేది ఎవరో ఆహ్వాన పత్రిక చూస్తే తెలుస్తుంది.

ఈ వెనుకపని బరువు గత కొన్నేళ్లలో బాగా పెరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం నమోదు చేయించుకోవచ్చు. నమోదు సులువే, నడపడమే కష్టం. ఏటా కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు చేరాలి, లెక్కలు ఆడిట్ కావాలి. ఆదాయపు పన్ను మినహాయింపు ఒకసారి తీసుకుంటే శాశ్వతం అనుకునే రోజులు 2021తో పోయాయి. ఐదేళ్లకోసారి మళ్లీ దరఖాస్తు చేసుకోవాలన్నారు. చిన్న సంస్థలకు ఆ గడువును పదేళ్లకు పెంచే సడలింపు 2025లో గానీ రాలేదు. దాతలకు పన్ను మినహాయింపు రశీదు ఇచ్చే సంస్థ 2021-22 నుంచి ప్రతి దాత వివరాలనూ పన్ను శాఖకు ఆన్‌లైన్‌లో సమర్పించాలి. మే 31 గడువు దాటితే రోజుకు రెండు వందల రూపాయల చొప్పున రుసుము పడుతుంది. విదేశాల్లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగువారు సొంత ఊరి చెరువు కోసం డబ్బు పంపాలనుకున్నా, విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు. అనుమతి ఉన్న సంఘం కూడా 2020 సవరణ తర్వాత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే ఆ డబ్బు తీసుకోవాలి. ఇవన్నీ తెలిసి, తప్పు లేకుండా చేయవలసినవాడు పగలంతా ఉద్యోగం చేసుకుని రాత్రి పది తర్వాత లెక్కల ముందు కూర్చునే ఒక కోశాధికారి.

నేను దగ్గర నుంచి చూసిన ఒక చిన్న సంఘంలో పదమూడేళ్లు ఒకే మనిషి కోశాధికారిగా ఉన్నారు. ఎంతో నిజాయితీపరుడు. ఆయన పిల్లల దగ్గరికి వేరే ఊరు వెళ్లవలసి వచ్చినప్పుడు తెలిసింది, బ్యాంకు సంతకాలు, పన్ను శాఖ పాస్‌వర్డులు, రశీదు పుస్తకాలు అన్నీ ఆయన ఒక్కరి చేతిలోనే ఉన్నాయని. కొత్తవారికి అప్పగించడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఈలోగా ఒక గడువు దాటిపోయింది, ఒక దాత వెనక్కి తగ్గారు. ఆ తప్పు ఆయనది కాదు. ఆయన ఉన్నారు కదా అని నిశ్చింతగా పక్షుల వెంట తిరిగిన మా అందరిదీ. ప్రతి పదవికీ ఒక ఉపపదవి ఉండాలని, పాతవారు దిగిపోయే ముందు కనీసం ఒక ఏడాది కొత్తవారితో కలిసి పనిచేయాలని నియమావళిలోనే రాసుకోవాలన్న అభిప్రాయం నాకు అప్పుడే కలిగింది. లెక్కలు సరిచూసే వృత్తి నిపుణుడికి రుసుము చెల్లించడానికి కూడా వెనకాడకూడదు. ఇతరుల నైపుణ్యాన్ని ఉచితంగా అడగడం సేవాభావం అనిపించుకోదు.

అయితే ఉద్యోగులను పెట్టుకుంటే అన్నీ తీరిపోతాయన్న వాదన కూడా సరికాదు. ఏ పక్షి ఎక్కడ ఉందో పటాల్లో చూపే కేరళ పక్షుల అట్లాస్ చూడండి. 2015 నుంచి 2020 వరకు వెయ్యి మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు రాష్ట్రమంతటినీ గళ్లుగా విభజించి, ఒక్కో గడికి వర్షాకాలంలో ఒకసారి, వర్షాలు లేని కాలంలో ఒకసారి వెళ్లి, దాదాపు 25 వేల జాబితాలు, మూడు లక్షల నమోదులు తయారుచేశారు. అంతమంది జీతగాళ్లను పెట్టుకోగల ప్రకృతి సంఘం మన దేశంలో లేదు. కానీ ఆ వెయ్యి మంది శ్రమ శాస్త్రంగా మారింది, ఏ గడికి ఎవరు వెళ్లాలో పంచిపెట్టి, వెళ్లనివారిని గుర్తుచేసి, వచ్చిన జాబితాను పద్ధతి ప్రకారం ఉందో లేదో చూసిన సమన్వయకర్తల వల్ల. పక్షుల పరిశీలనలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో మనం నమోదు చేసే అరుదైన పక్షులను పరిశీలించి, ఫోటో అడిగి, సందేహం ఉంటే పక్కన పెట్టే సమీక్షకులు కూడా జీతం లేనివారే. నలుగురిలో వారికి మంచిపేరు రాదు. తన రికార్డును నమ్మలేదని అలిగేవారే ఎక్కువ. నిజానికి ఒక తప్పుడు నమోదును ఆపినవాడు కొత్త పక్షిని కనుగొన్నవాడితో సమానంగా శాస్త్రానికి సేవ చేస్తున్నాడు.

ఇక ఎవరిని స్వచ్ఛంద కార్యకర్త అంటున్నాం అన్నది మిగిలింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం ఇదే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక అంతరించిందనుకున్న కలివి కోడి, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల అడవి అంచున దొరికింది. అక్కడ వెతుకుతున్నది బొంబాయి సొసైటీకి చెందిన భరత్ భూషణ్. రాత్రివేళ దీపం వెలుగులో ఆ పక్షిని ప్రాణంతో పట్టుకున్నది ఐతన్న అనే స్థానిక వేటగాడు. చీకట్లో తిరిగే పక్షి అది అన్న జ్ఞానం ఏ మ్యూజియంలోనూ లేదు, ఆ ఊరివారి దగ్గర ఉంది. లంకమల్లేశ్వర అభయారణ్యం ఆ తర్వాతే, 1988లో ఏర్పడింది. ఇలాంటి మనిషి ఇవాళ మన నగరంలోని ఏ ప్రకృతి సంఘం కార్యవర్గంలోనైనా కూర్చోగలడా? నియమావళి ఇంగ్లీషులో, మినిట్స్ పుస్తకం ఇంగ్లీషులో, సందేశాలు ఇంగ్లీషులో, సమావేశం పనిదినం సాయంత్రం నగరం నడిబొడ్డున. చందా కట్టి సభ్యుడయ్యే దారి కూడా ఆన్‌లైన్‌లోనే. మినిట్స్ తెలుగులో రాయడానికి, ఏడాదికి రెండు సమావేశాలు చెరువు పక్క ఊళ్లలో పెట్టడానికి, రానూపోనూ బస్సు ఛార్జీలు సంఘం ఖాతాలోంచి ఇవ్వడానికి పెద్ద నిధులేమీ అవసరం లేదు. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ మూడూ చేర్చమని నేను మా కార్యదర్శికి రాసి ఇచ్చాను. ఉపకోశాధికారి పదవికి నా పేరు కూడా ఆ కాగితం మీదే రాశాను.