ఆ పిన్నీసు ఎవరు పెట్టించారు?

బికినీకి బదులు నిక్కర్లు వేసుకుని ఆడినందుకు నార్వే మహిళల బీచ్ హ్యాండ్‌బాల్ జట్టుకు 2021లో 1,500 యూరోల జరిమానా పడిన సంగతి తెలిసిందే. అదే ఆటలో మగవాళ్లకు నిక్కర్లే నిబంధన! గోల రేగాక ఆ ఏడాదే రూలు మార్చారు. బ్యాడ్మింటన్ పెద్దలూ 2011లో మహిళలకు స్కర్టు తప్పనిసరి చేయబోయి, మరుసటి ఏడాది తోక ముడిచారు. పైన రూళ్లు మారాయి గానీ, మన ఊళ్ల కబడ్డీ కోర్టు గట్టున మాట మారలేదు: "ఆటకొచ్చావా, అందాల పోటీకొచ్చావా?" ఆ మాట పడేది అమ్మాయికే. ముందురోజు సెలూన్లో కూర్చుని పక్కలు నున్నగా గీయించుకొచ్చిన కుర్రాడిని ఎవరూ ఏమీ అనరు.

నిజానికి సోకు కుర్రాడిది. అమ్మాయిది చాకిరీ.

జడ సంగతే చూడండి. జుట్టు కాస్త తడిపి, నడిపాపిట తీసి, రెండు జడలు బిగువుగా అల్లి, పైకి మడిచి గుడ్డ చుట్టిన రబ్బరు బ్యాండ్లతో మెడ దగ్గర కట్టేయాలి. ఒంటిజడ వేలాడితే పట్టులో ఎవరి చేతికో చిక్కుతుంది. ఇనుప క్లిప్పులు పెడితే పడ్డప్పుడు నెత్తికి గుచ్చుకుంటాయి. నూనె రాస్తే చెమటతో కలిసి మెడ మీదికి జారుతుంది, ఒంటికి నూనె ఉంటే కబడ్డీలో ఆడనివ్వరు. మరీ బిగిస్తే కొన్నాళ్లకు కణతల దగ్గర జుట్టు ఊడుతుంది. ముక్కుపుడక తీయాల్సిందే. కొత్తగా కుట్టించిన ముక్కయితే తీసిన కాసేపటికే పూడుకుపోవడం మొదలవుతుంది, అందుకే కుట్టించడం సీజన్ అయ్యాకే మంచిది. వీటిలో అలంకారమెక్కడుంది?

అటు కుర్రాడి జెల్లు చెమటకు కరిగి, రైడ్ మధ్యలో కళ్లు మండిస్తుంది. మ్యాచ్ పొద్దున హడావిడిగా గీసిన గడ్డం తెగి, అక్కడే మోచెయ్యి తగిలి రక్తం కారితే, కట్టు కట్టేదాకా కోర్టు బయటే. ఆటకు అడ్డొచ్చే సోకంటే ఇదీ. దీన్ని మనం 'కుర్రాడి స్టయిలు' అంటాం.

అసలు గొడవ చొక్కాతో. జట్టు మొత్తానికి మగ కొలతల్లో ఒకే లాటు తెప్పిస్తారు. అమ్మాయికి భుజాలు జారతాయి, తుంటి దగ్గర పట్టేస్తుంది, మెడ దిగిపోతుంది. రైడర్ చీలమండ పట్టే యాంకిల్ హోల్డ్‌కు వంగితే మెడ తెరుచుకుంటుంది కాబట్టి లోపలి నుంచి పిన్నీసు పెట్టుకుంటుంది. రిఫరీ చూస్తే తీయమంటాడు, ఆయన తప్పు లేదు, గుచ్చుకునే వస్తువు. ఇక అక్కడి నుంచి ఒక చెయ్యి మెడ మీద, ఒక చెయ్యి రైడర్ కాలి మీద. ఒంటి చేత్తో పట్టిన చీలమండ జారిపోక ఏమవుతుంది? కోచ్ మాత్రం 'భయపడింది' అంటాడు. స్పోర్ట్స్ బ్రా లేక మామూలువి రెండు ఒకదానిపై ఒకటి వేసుకునే పిల్లలున్నారు. పట్టీలు కోసుకుపోతాయి, ఊపిరి ఆడదు. కూత ఆపకుండా సాగాల్సిన ఆట ఇది!

'ముస్తాబు అందరికీ ఇష్టమే, బాగా కనబడితే ధైర్యం వస్తుంది, ఎవరు బలవంతపెట్టారు?' అనే వాదన ఉంది. ధైర్యం మాట ఒప్పుకుంటా. కాటుక పెట్టుకుని ఆడితే నాకేం అభ్యంతరం లేదు. కానీ పిన్నీసు ఇష్టపడి పెట్టుకున్నది కాదు. తెల్ల నిక్కరులో నెలసరి మరక భయమూ అంతే. ఇంగ్లాండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టు 2023లో తెల్ల నిక్కర్లు వదిలి నీలం వేసుకుంది. వింబుల్డన్ అదే ఏడాది నుంచి లోపల ముదురు రంగు షార్ట్స్ వేసుకోనిస్తోంది. ఏటా ఒళ్లంతా తెలుపే కావాలని పట్టుబట్టే వింబుల్డనే దిగొచ్చింది, మన కిట్ కొనే కమిటీలకేమొచ్చింది?

కమిటీలో కూర్చున్నవాళ్లెవరో చూస్తే జవాబు దొరుకుతుంది. కిట్ కొనేది, కొలతలు రాసేది, బిల్లు పాస్ చేసేది ఎక్కువగా సార్లే. బ్రా అనే మాట ఫారంలో రాయడానికి సిగ్గు. పీఈటీ మేడమ్ ఉన్నచోట కూడా సంతకం పెట్టే అధికారం ఆమెది కాదు. ఆడపిల్లల ఆటలో డబ్బు లేదన్నది సాకు, అడిగే చోట ఆడమనిషి లేకపోవడం అసలు కారణం. దుస్తులు మార్చుకునే గది లేక ఇంటి దగ్గరే చుడీదార్ కింద కిట్ వేసుకొచ్చేదీ ఇందుకే.

ఆర్డరు ఫారంలో అమ్మాయిలకు వేరే పట్టిక పెట్టాలి: భుజం, ఛాతీ, నడుము, తుంటి కొలతలు, దగ్గరగా ఉండే గుండ్రటి మెడ, నల్ల సైక్లింగ్ షార్ట్, మనిషికి రెండు స్పోర్ట్స్ బ్రాలు. బ్రా సైజు వేసి చూశాకే రాయాలి: కింది పట్టీలోకి రెండు వేళ్లు దూరాలి, నాలుగుసార్లు ఎగిరితే కదలకూడదు. డబ్బులంటారా? ట్రాక్‌సూట్ వీపు మీద దాత పేరు అచ్చేయించడానికి ఎక్కడి నుంచి వస్తున్నాయో అక్కడి నుంచే.