కథలకూ కావాలి ఒక కొనుగోలు కేంద్రం

కథ మంచిదా చెడ్డదా తేల్చే పని ఇంకా మనుషుల చేతుల్లోనే ఉండడం మన ప్రాంతానికి చిన్నతనం. వడ్ల విషయంలో ఈ తగువు ఎప్పుడో తీరిపోయింది. మిర్యాలగూడ వైపు ఏ కొనుగోలు కేంద్రానికి వెళ్లినా నాణ్యత లెక్కలు ఫ్లెక్సీ మీదే కనిపిస్తాయి: తేమ 17 శాతం మించరాదు, రంగు మారినవి, మొలకెత్తినవి, పురుగు పట్టినవి 5 శాతం లోపు. మన విమర్శకుల్లో ఇంత తెగేసి చెప్పినవారు నాకు తారసపడలేదు.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. కథల పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చున్న ఒక పెద్దమనిషిని దగ్గరి నుంచి గమనించే భాగ్యం నాకు కలిగింది. ముందు కట్ట మందం చూశారు. తరువాత మొదటి పేరా, అక్కడి నుంచి నేరుగా చివరి పేరా. మధ్యలో ఎక్కడో వేలు పెట్టి ఒక పేజీ తెరిచారు. అందులో ముంబై బస్సు కనిపించగానే కళ్లజోడు సవరించుకున్నారు. పాలమూరు కథ అంటే వలస ఉండాలి, నల్లగొండ కథ అంటే నీళ్లు విషం కావాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు గానీ, కథలో ఎంతైనా ఉండవచ్చు. సాగర్ ఎడమ కాలువ కింద రెండు పంటలు తీస్తూ ప్రేమలో పడిన కుర్రవాడి కథ ఒకటి వచ్చింది. "ఇందులో మన ప్రాంతం లేదు" అని పక్కన పడేశారు. కుర్రవాడిది నల్లగొండ జిల్లా హాలియా.

వాసి గురించి అడిగితే రాశితో జవాబు చెప్పిన చరిత్ర మనకుంది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అంత కుప్ప ముందు తేమ ఎంతని అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

ఇక నా ప్రతిపాదన. తల్లి చనిపోయే కథలన్నింటికీ ముందుగా తేమ పరీక్ష చేయాలి. 17 దాటితే రచయిత వాటిని రోడ్డు మీద ఆరబోసుకుని కాపలా కాయాలి. వడ్లలో లాగే తయారుకానివి, ముడుచుకుపోయినవి 3 శాతం వరకే చెల్లుతాయి. ఈ ఒక్క నిబంధనతో మా పట్టణంలో సగం పోటీలు మూతపడతాయి. వడ్లలో తక్కువ రకం కల్తీ 6 శాతం దాకా పరవాలేదు కాబట్టి, పక్కవారి కథలోంచి ఆ మేరకు ఎత్తుకోవచ్చు. తరుగు సంగతి సంపాదకులకు ఎవరూ నేర్పనక్కరలేదు. రైతుకు బస్తాకు కిలో పోతే, కథకుడికి ఏకంగా ముగింపే పోతుంది. ఆ చోట నగల దుకాణం ప్రకటన వస్తుంది.

గింజను పంటి కింద వేసి, అది విరిగిన చప్పుడును బట్టి తేమ చెప్పే పాత ఆసాములు ఇంకా ఉన్నారు. కథను అలా కొరికి చూడాలంటే మొత్తం చదవాలి. న్యాయనిర్ణేతలకు అంత తీరిక ఎక్కడిది?

ధర విషయంలో కేంద్ర ప్రభుత్వమే దారి చూపింది. 2025-26లో సాధారణ రకం వడ్లు క్వింటాలుకు 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. తేడా ఇరవై రూపాయలు. ప్రథమ బహుమతికీ ప్రోత్సాహక బహుమతికీ మధ్య కూడా అంతే ఉంచితే, సభ ముగిశాక వేదిక వెనక జరిగే సాహిత్య చర్చలు బాగా తగ్గుతాయి. సన్నాలకు రాష్ట్రం ఇచ్చే 500 బోనస్‌ను మాత్రం కథల జోలికి తేకూడదు. తెస్తే దొడ్డు నవలలు రాసేవారంతా అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద బైఠాయిస్తారు.