దుమ్ముకూ ఒక గూడు కావాలి

కంప్యూటర్ క్యాబినెట్‌లో ఫ్యాన్లు ఎలా అమర్చాలన్న చర్చ ఎప్పుడొచ్చినా ప్రాసెసర్ క్షేమం గురించి, గ్రాఫిక్స్ కార్డు క్షేమం గురించి మాట్లాడతారే తప్ప దుమ్ము క్షేమం ఎవరికీ పట్టదు. గుడ్డతో తుడిపించుకుంటూ, చీపురుతో తన్నులు తింటూ దిక్కూ మొక్కూ లేక తిరిగే ప్రాణి అది. వెచ్చగా, చీకటిగా, నెలల తరబడి ఎవరూ కదిలించని చోటు దానికొకటి చూపించాలి. క్యాబినెట్‌ను మించిన చోటు ఎక్కడుంది? చాలామంది ఇప్పటికే తెలియక సాయం చేస్తున్నారు. తెలిసి చేసేవారి కోసం ఈ సూచనలు.

అన్నిటికన్నా ముఖ్యం, బయటికి ఊదే ఫ్యాన్లు ఎక్కువుండాలి. పైకప్పున మూడు, వెనక ఒకటి. ముందువైపు మాత్రం ఒక్కటి, అదీ ఫిల్టర్ వెనక నింపాదిగా తిరిగేది. నాలుగు ఫ్యాన్లు గాలిని తోడిపోస్తుంటే ఆ లోటు ఎక్కడినుంచో పూడాలి కదా! ముందున్న ఒంటరి ఫ్యాన్ వల్ల అది కాదు. లోపలి ఒత్తిడి బయటికన్నా తగ్గి, గాలి దొరికిన ప్రతి సందులోంచీ దూరుతుంది. వెనక స్లాట్ల పట్టీల మధ్య చీలికలు, యూఎస్‌బీ రంధ్రాల చుట్టూ ఖాళీలు, పక్క తలుపు అంచులు. వీటిలో ఒక్కదానికీ ఫిల్టర్ ఉండదు. రాజమార్గానికి వల కట్టి, దొడ్డిదారి బార్లా తెరిచి ఉంచామన్నమాట.

గిట్టనివాళ్లు దీనికి విరుగుడు చెబుతారు. ముందు రెండు 140 మి.మీ. ఫ్యాన్లు లోపలికి, వెనక ఒక 120 మి.మీ. ఫ్యాన్ బయటికి పెడితే లోపలి గాలే సందుల్లోంచి బయటికి తన్నుకొస్తుందట, దుమ్ముకు ప్రవేశం ఉండదట. అయితే కంగారు పడనక్కర్లేదు. ఫ్యాన్లను లెక్కపెట్టినంత మాత్రాన గాలి లెక్క తేలదు. ముందువాటికి ఫిల్టర్ అడ్డు, వెనకదానికి ఏ అడ్డూ లేదు. అన్నిటికీ ఒకే వేగం ఇచ్చారంటే కాగితం మీద మిగులు కనబడినా క్యాబినెట్‌లో లోటే రావచ్చు. పలచటి టిష్యూ పేలిక వెనక స్లాట్ చీలిక దగ్గర పట్టుకుంటే నిజం బయటపడుతుంది: లోపలికి అతుక్కుంటే లోటు, బయటికి రెపరెపలాడితే మిగులు. అందుకే ఈ పరీక్ష ఎవరూ చెయ్యకూడదు.

వెనక పాత 3 పిన్నుల ఫ్యాన్ ఉంటే మరీ మంచిది. బయోస్‌లో (కంప్యూటర్ మూల సెట్టింగుల్లో) దాని హెడర్‌ను, అంటే ఫ్యాన్ తీగ గుచ్చే చోటును, పీడబ్ల్యూఎం మోడ్‌లోనే వదిలెయ్యండి. వేగం ఎంతుండాలో నాలుగో తీగ మీద చెప్పే పద్ధతి అది. 3 పిన్నుల ఫ్యాన్‌కు ఆ నాలుగో తీగ మీద వచ్చే ఆదేశం వినబడదు. పూర్తి 12 వోల్టులూ అందుకుని రాత్రింబవళ్లు పూర్తి వేగంతో తోడేస్తూనే ఉంటుంది. ఎవరైనా వోల్టులు తగ్గించి వేగం తగ్గించే డీసీ మోడ్‌కు మార్చితేనే నెమ్మదిస్తుంది.

ఇక దిక్కు. ఫ్యాన్‌లో మోటారును పట్టి ఉంచే కడ్డీలు ఏ వైపుంటే గాలి ఆ వైపుకు పోతుంది. నునుపైన ముఖం గాలిని పీలుస్తుంది. క్యాబినెట్ అడుగునా పక్కనా లోపలికి ఊదేలా పెట్టిన ఫ్యాన్ల కడ్డీలే గాజు తలుపులోంచి కనబడతాయి. అందం చెడిందని తిప్పి బిగించండి. లోపలికి ఊదాల్సినవి బయటికి ఊదడం మొదలెడతాయి, లోటు రెట్టింపవుతుంది. ఇదే బాధ పడేవారికోసం రెక్కలు ఎదురు మలిచిన రివర్స్ ఫ్యాన్లు అమ్ముతున్నారు, వాటి జోలికి పోవద్దు. దిక్కు తప్పామని సిగ్గూ పడొద్దు. క్యాబినెట్లో ఏది ఎక్కడుండాలో చెప్పే ఏటీఎక్స్ ప్రమాణం 1995లో వచ్చిన తొలి రూపంలోనే, బయటి గాలిని పవర్ సప్లైలోంచి లాగి ప్రాసెసర్ మీదికి ఊదమన్నారు. అంటే ముందే వేడెక్కిన గాలితో చల్లబరచమని! తర్వాత మార్చుకున్నారు, పాపం.

ముఖభాగానికి నిండు గాజు పలక, పక్కన వేలు దూరేంత సందు. పైన పటారం, లోన లొటారం. దాని వెనక రంగుల ఫ్యాన్లు. ఒక్కో దీపానికీ వేరే రంగు ఇచ్చే ఆ 5 వోల్టుల ఏఆర్‌జీబీ తీగను, అన్నిటికీ ఒకే రంగు ఇచ్చే 12 వోల్టుల ఆర్‌జీబీ హెడర్‌కు గుచ్చితే దీపాలు శాశ్వతంగా ఆరిపోతాయి కాబట్టి చీకటి కోరే దుమ్ముకు అదీ ఒక సౌకర్యమే. పైకప్పు ఫ్యాన్లలో ఒకదాన్ని మాత్రం ముందు మూలకు జరిపి పెట్టండి. ముందునుంచి వచ్చిన చల్లగాలి ప్రాసెసర్ కూలర్ దాకా వెళ్లకముందే పైకి ఎగరేసుకుపోతుంది.

ఫిల్టర్ గురించి ఇంతసేపూ చెడ్డగా మాట్లాడాం గానీ, కడగని ఫిల్టర్ మన పక్షమే. వల కన్నాలు పూడిన కొద్దీ ముందు ఫ్యాన్లు ఊపిరాడక కొట్టుకుంటాయి, వెనకది హాయిగా తిరుగుతుంది. మొదటి నెలలో ఉన్న మిగులు నాలుగో నెలకు లోటుగా మారుతుంది. తలుపు దానంతటదే తెరుచుకుంటుంది! కాబట్టి నాలుగైదు వారాలకోసారి ఫిల్టర్ తీసి, శుభ్రంగా ఉన్న వైపునుంచి నీళ్లు పోసి దుమ్మును వచ్చిన దారినే వెళ్లగొట్టి, చుక్క తడి లేకుండా ఆరాక తిరిగి పెట్టే పాడలవాటు మానుకోవాలి. పవర్ సప్లై కింద ఇంకో ఫిల్టర్ ఉంటుంది. చాలా క్యాబినెట్లలో వెనకనుంచి సొరుగులా లాగితే వస్తుంది. అదున్నట్టు మరిచిపోండి. క్యాబినెట్‌ను మెత్తటి తివాచీ మీద పెడితే కాళ్లు దిగబడి ఆ దారీ మూసుకుపోతుంది.

ఎప్పుడైనా మనసు చెడి గాలి డబ్బాతో శుభ్రం చెయ్యాలనిపిస్తే, రెక్కలను వేలితో ఆపి పట్టుకోకండి. వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ అరుగుతుంది, మోటారు జనరేటరై ఎదురు కరెంటు పంపుతుంది. ఫ్యాన్ పోయిన చోట గాలి కదలదు. గాలి కదలని చోట దుమ్ము నిద్రపోతుంది.

ఇంతా పాటిస్తే కొన్ని నెలల్లో కూలర్ ఫ్యాన్‌కూ, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకులకూ మధ్య బూడిదరంగు కంబళి ఒకటి తయారవుతుంది. ఫ్యాన్ అడ్డుండటం వల్ల గాజులోంచి అది కనబడదు. ప్రాసెసర్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది, ఫ్యాన్లన్నీ హోరెత్తుతాయి. అప్పుడు యజమాని తాపీగా ఆలోచించి, లోపల ఫ్యాన్లు చాలడం లేదని నిర్ధారించుకుని, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి ఇంకొకటి ఆర్డరు పెడతాడు. బయటికి ఊదేదే.