తోడు లేకుండా వెళ్ళండి

అమెరికా నుంచి డిసెంబరులో ఊరికి వెళ్ళేవాళ్ళకు సలహాలు ఇచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. నేను చెప్పేది ఒక్కటే. హనుమకొండలో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున సైకిల్ గ్రూపుతో రైడుకు వెళ్ళండి. తమ్ముణ్ణో మేనల్లుణ్ణో కాలేజీ స్నేహితురాలినో వెంటేసుకోకుండా వెళ్ళండి.

ఒక్కరే అనేసరికి మన ఇళ్ళలో అభ్యంతరం మొదలవుతుంది. మా అత్తమ్మ అయితే "ఒక్కదానివే ఎట్ల పోతవ్ బిడ్డా, చింటుగాన్ని తోలుకపో" అంది. చింటు తొమ్మిదింటికి ముందు లేచిన దాఖలా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, అది వేరే సంగతి. ఆడమనిషి, చీకటితో బయల్దేరడం, ముఖం తెలియని మనుషులు. ఆమె భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ దానికి మందు మేనల్లుడు కాదు. గ్రూపు నడిపేవాళ్ళకు ముందురోజే ఫోన్ చేసి ఎంత దూరం, ఎంత స్పీడు, వెనకబడితే ఆగుతారా, ఆడవాళ్ళు ఇంకెవరైనా వస్తున్నారా అని అడగాలి. వెనకబడితే ఆగుతారా అన్నదానికి "చూద్దాం మేడం" అని జవాబొస్తే ఇంకో గ్రూపు చూసుకోవడం మంచిది. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పండి. ఫోన్లో లొకేషన్ షేర్ చేసి ఉంచండి.

ఇక ఒక్కరే ఎందుకంటే, విందుల్లో ఒంటరిగా నిలబడ్డ మనిషి అందరి కళ్ళలో పడుతుంది. ప్లేటు పట్టుకుని ఎవరి పక్కన చేరాలా అని చూస్తూ ఉండాలి. సైకిల్ రైడులో ఆ తిప్పలు లేవు. మొగుడూ పెళ్ళాం కలిసి వచ్చినా ఎవరి సైకిల్ వాళ్ళదే, ఎవరి ఆయాసం వాళ్ళదే. అందరి ముఖాలూ ముందుకే ఉంటాయి కాబట్టి మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. అదే ఇద్దరు కలిసి వెళ్తే ఆ ఇద్దరే ఒక గ్రూపు. దారి పొడుగునా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ పోతారు, మిగతావాళ్ళు కూడా వాళ్ళ జోలికి రారు.

పైగా మనం ఊళ్ళో ఎక్కడికి వెళ్ళినా ఎవరికో కూతురిగానో కోడలిగానో వెళ్తాం. "ఎవరోళ్ళు?" అన్న ప్రశ్న తర్వాత గ్రీన్ కార్డు, ఆ తర్వాత ఇంటి ఖరీదు. హనుమకొండ అదాలత్ కూడలి దగ్గర పొద్దున్నే గుమిగూడిన సైకిళ్ళ మధ్య ఆ సంగతులు ఎవరికీ పట్టవు. నన్ను చూసి మొదట పలకరించినాయన అడిగింది మా ఇంటిపేరు కాదు. "మేడం, సీటు జర కిందికున్నది, మోకాళ్ళు నొస్తయ్" అని సీటు బిగింపు వదులు చేసి తనే పైకి లేపాడు. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మడమ ఆనించి చూస్తే కాలు తిన్నగా చాచుకోవాలి, అదీ లెక్క. అడిగి తెచ్చుకున్న సైకిల్ ఎక్కేవాళ్ళందరికీ ఇది పనికొస్తుంది.

ఆ రోజు దారి వరంగల్ కోటకు. వరంగల్ స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జి దాటి శివనగర్ మీదుగా వెళ్తే ముందు మట్టికోట, తర్వాత రాతికోట వస్తాయి. గణపతిదేవుడి కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఆ రాతికోట ద్వారాలు తిన్నగా ఉండవు. లోపలికి రాగానే గోడ అడ్డం వస్తుంది, పక్కకు తిరగాలి. శత్రువు గుర్రాలతో ఏనుగులతో ఒక్క ఊపున లోపలికి రాకుండా కట్టిన మలుపు అది. ఇప్పుడు ఊరి రోడ్డు ఆ ద్వారంలోంచే పోతుంది. ఆటోలు, పాలడబ్బాల బైకులు, బడి వ్యాన్లు, అన్నీ ఆ మలుపులోంచి రావాల్సిందే.

ఇద్దరిద్దరుగా వస్తున్న సైకిళ్ళు ద్వారం దగ్గరికొచ్చేసరికి ఒంటి వరస అయ్యాయి. మలుపు అవతల ఏముందో ముందున్నవాళ్ళకు తప్ప ఎవరికీ కనిపించదు. "ఆటో! ఎడమకు, ఎడమకు" అని ముందు నుంచి కేక వచ్చింది. ఆ కేక ఒకరి నుంచి ఒకరికి అందుకుంటూ చివరిదాకా పోవాలి. నా ముందాయన అరిచింది నేను నా వెనకాయనకు అరవాలి. ఆయన పేరు నాకు తెలియదు, నా పేరు ఆయనకు తెలియదు. కొత్తమనిషిని కదా, మొహమాటం అని ఊరుకుంటే ఆయన ఆటోకు ఎదురెళ్తాడు. అరిచాను. అరుస్తూ నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నా పక్కన చింటు ఉండి ఉంటే వాడికి మాత్రమే చెప్పి ఊరుకునేదాన్నని ఇప్పటికీ అనుకుంటాను.

అమెరికా నుంచి వెళ్ళేవాళ్ళు ఒక్క విషయం మరిచిపోవద్దు. ఇక్కడ అమెరికాలో అమ్మే సైకిళ్ళకు ఎడమ చేతి బ్రేకు ముందు చక్రానిది. మన ఊళ్ళో మామూలుగా కుడి చేతిది ముందు చక్రానిది. కంగారులో అలవాటు కొద్దీ గట్టిగా నొక్కితే తలకిందులుగా పడతారు. బయల్దేరే ముందు ఖాళీ రోడ్డు మీద రెండూ నొక్కి చూసుకోండి. రోడ్డుకు ఎడమవైపు తొక్కడం ఎలాగూ కాసేపటికి పట్టుబడుతుంది. గ్రూపులో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ముందు సైకిల్ వెనక చక్రానికి పక్కగా మీ ముందు చక్రాన్ని ఎప్పుడూ పెట్టకండి. ఆయన గుంత తప్పించడానికి జరిగి మీ చక్రానికి తగిలితే పడేది ఆయన కాదు, మీరు.

ఊరు దాటితే ఇంకో లోకం. వానాకాలం పంట చేతికొచ్చాక రోడ్డు సగం వడ్లే. ఆరబోసిన వడ్ల చుట్టూ బండలు పేర్చి ఉంటాయి, మంచులో అవి దగ్గరికెళ్ళేదాకా కనిపించవు. మంచి లైటు లేకుండా చీకట్లో బయల్దేరకండి. రైతును తిట్టుకోకండి కూడా, ఆయనకు కల్లం చాలక రోడ్డెక్కాడు.

గ్రూపులు నడిపేవాళ్ళతో నాకు ఒక పేచీ ఉంది. వాళ్ళలో బ్రెవేలు, అంటే గడువు పెట్టుకుని తొక్కే దూరపు రైడులు, తొక్కేవాళ్ళుంటారు. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన వ్యవహారం అది, దానికి సాధన కావాలి, కాదనను. కానీ "కొత్తవాళ్ళు రావచ్చు" అని పిలిచిన రోజున సగటు స్పీడు చూసుకుంటూ దూసుకుపోవడం మర్యాద కాదు. తెలిసిన మనిషి తోడుంటే వెనకబడ్డవాళ్ళకు కనీసం కబుర్లయినా ఉంటాయి. ఒంటరిగా వచ్చినవాళ్ళు తెలియని రోడ్డు మీద నిజంగానే ఒంటరైపోతారు. అందుకే అందరికంటే చివర ఒక పాతమనిషి ఉండాలి, ఎంత నెమ్మదిగా తొక్కినా ఆ మనిషి వాళ్ళను దాటిపోకూడదు. అమెరికాలో నేను వెళ్ళే క్లబ్బులో ఈ పనికి వంతులుంటాయి. మొదటిసారే రామప్ప అని కూడా పిలవకండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరి మనసూ అటే ఉంది గానీ, పాలంపేటకు ఒకవైపే 65 కిలోమీటర్ల పైచిలుకు, ములుగు రోడ్డు మీద ఇసుక లారీలు.

రైడు అయ్యాక చాయ్, ఇడ్లీ. అక్కడ మనవాళ్ళకో బలహీనత, అందరి బిల్లూ కట్టేయాలని చెయ్యి జేబులోకి పోతుంది. ఆగండి. మీ వంతు మీరివ్వండి. బిల్లు కట్టారంటే పొద్దుటి నుంచి మామూలు మనిషిగా ఉన్నవాళ్ళు అక్కడికక్కడే డాలర్ల మనిషైపోతారు, వచ్చే ఆదివారం మీ సీటు సంగతి ఎవరూ చెప్పరు.

ఇదంతా మన సంఘం పత్రికలో ఎందుకు రాస్తున్నానంటే, మన ఆహ్వానాలన్నీ "సకుటుంబ సపరివార సమేతంగా" అనే మొదలవుతాయి. పిక్నిక్ అయినా బతుకమ్మ అయినా టికెట్టు ధర కుటుంబానికి ఇంత అనే ఉంటుంది. మొన్న మొన్న వచ్చిన విద్యార్థి, భర్త పోయిన పెద్దావిడ, పెళ్ళి మాట ఎత్తితే తప్పుకు తిరిగే ముప్పై అయిదేళ్ళ కుర్రాడు, వీళ్ళంతా ఆ కాగితం చూసి ఇంట్లోనే ఉండిపోతున్నారు. మార్చిలో గడియారాలు మారాక ఒక శనివారం పొద్దున మనమూ ఒక రైడు పెడదాం. పదిహేను మైళ్ళు చాలు. కాగితం మీద దూరం, స్పీడు, ఎక్కడ ఆగుతామో రాసి, "ఒక్కరే రావచ్చు" అన్నది అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో వేద్దాం. కార్యవర్గం ఒప్పుకుంటే అందరికంటే చివర తొక్కే పని నాకివ్వండి.